‘మా జీన్స్‌కి మందు పడదండి’: ఇంటర్ఫెరాన్ విఫలమైన ఒక హెపటైటిస్ సి కేసు

నేపథ్యం

రోగి 56 ఏళ్ల కోనసీమ రైతు. కొబ్బరి తోట, కాస్త వరి, ఈమధ్యే మొదలెట్టిన చిన్న రొయ్యల చెరువు. మనిషిని గుర్తుపట్టగల వివరాలు మార్చాను, వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

2011లో రక్తదానం చెయ్యబోతే హెపటైటిస్ సి యాంటీబాడీ (వైరస్ ఎప్పుడో ఒకప్పుడు సోకిందని చెప్పే గుర్తు) పాజిటివ్ అని తేలింది. తర్వాతి పరీక్షల్లో వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ మోతాదు, ఎక్కువగా ఉంది. వైరస్ రకం (జీనోటైప్) 1 అని వచ్చింది. మన దేశం మొత్తమ్మీద జీనోటైప్ 3 ఎక్కువ కనిపిస్తుంది గానీ దక్షిణాదిలో 1 కూడా తక్కువేం కాదు. మరుసటి ఏడాది ఒక నగరంలో వైద్యం మొదలైంది: వారానికో పెగిలేటెడ్ ఇంటర్ఫెరాన్ ఇంజెక్షన్ (వైరస్ మీదకి ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థని లేపే మందు), రోజూ రైబావిరిన్ బిళ్ళలు. అప్పటికి ఇక్కడ అందుబాటులో ఉన్న వైద్యం అదే. ఖర్చుకి అర ఎకరం తోట అమ్మారు. ఇంజెక్షన్ పడిన రాత్రల్లా చలిజ్వరం, జుట్టు ఊడిపోవడం, రైబావిరిన్ వల్ల హిమోగ్లోబిన్ 8కి పడిపోవడం, అన్నీ అనుభవించారు. 12వ వారానికి వైరల్ లోడ్ కనీసం వంద రెట్లు తగ్గాలని అప్పటి నియమం. అంత తగ్గలేదు కాబట్టి మందు ఆపేశారు. ఆపడం సరైన నిర్ణయమే.

ఆపాక, ఎందుకు పనిచెయ్యలేదో తెలుసుకోడానికి ఒక జన్యు పరీక్ష చేయించారు. ఐఎల్28బి అనే జన్యువు దగ్గర ఉండే ఒక తేడాను చూసే పరీక్ష అది. అందులో సీసీ, సీటీ, టీటీ అని మూడు రకాలు. ఆయన ఫలితం ‘టీటీ’. సీసీ ఉన్నవాళ్లలో ఇంటర్ఫెరాన్ బాగా పనిచేస్తుంది, సీటీ, టీటీ ఉన్నవాళ్లలో అంతంతమాత్రం. జీనోటైప్ 1 మీద ఈ తేడా సుమారు రెండింతలని 2009లో బయటపడింది. సీసీ తూర్పు ఆసియా వాళ్లలో చాలా ఎక్కువ, ఆఫ్రికా సంతతి వాళ్లలో తక్కువ, మనం మధ్యలో ఉంటాం. మనవాళ్లలో టీటీ అరుదు. ఆయనకి ఆ అరుదైనదే వచ్చింది.

‘మీ జన్యువుల తీరుకి ఈ ఇంజెక్షన్లు పనిచెయ్యవు’ అని అక్కడి డాక్టరు చెప్పారట. ఆ రోజుకి అందులో తప్పేమీ లేదు. ఒక ఇంజెక్షన్ గురించి చెప్పిన ఆ మాట ఇంటికి చేరేసరికి లోకంలో ఉన్న మందులన్నిటికీ అంటుకుంది.

2013 చివర్లో అమెరికాలో, వైరస్ మీద నేరుగా పనిచేసే కొత్త బిళ్ళ సోఫోస్బువిర్‌కి అనుమతి వచ్చింది. 12 వారాల మందు అక్కడ అప్పట్లో 84,000 డాలర్లు. 2015 నాటికి హైదరాబాద్ కంపెనీలే దాని జెనరిక్ బిళ్ళలు తయారుచేస్తున్నాయి. 2018 జూలై 28న కేంద్రం మొదలుపెట్టిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షా, మందూ రెండూ ఉచితమయ్యాయి. ఆ మందు ఆయన ఇంటికి కొద్ది దూరంలోనే దొరుకుతోంది. ఆయన మాత్రం ఏ ఆసుపత్రి గుమ్మమూ తొక్కలేదు. నేల ఉసిరి పసరు, నూనె లేని చప్పిడి తిండి, పప్పు మానెయ్యడం, వేసవిలో కల్లు. అలా దాదాపు పదేళ్లు.

వచ్చినప్పటి పరిస్థితి

నా దగ్గరికి లివర్ కోసం రాలేదు. వానాకాలం జ్వరంలో ప్లేట్‌లెట్లు 96,000 ఉంటే ఊళ్లో డెంగీ అన్నారు. జ్వరం తగ్గి మూడు వారాలైనా ఆ అంకె కదలకపోయేసరికి ఇక్కడికి పంపించారు. జ్వరం పోయాక కూడా పెరగని ప్లేట్‌లెట్లంటే ముందు ప్లీహం మీదకి చెయ్యి పోవాలి. లివర్ గట్టిపడితే ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లని పట్టేసుకుంటుంది. ఆయన ప్లీహం చేతికి తగిలింది. ఛాతీ మీద ఎర్రటి సాలెగూడు మచ్చలు, సన్నబడిన భుజాలు, సాయంత్రానికి చీలమండల దగ్గర కొద్దిగా వాపు. షుగరుకి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ వాడుతున్నారు.

ఏఎస్‌టీ 88, ఏఎల్‌టీ 74 (ఈ రెండూ లివర్ ఎంజైములు), ఆల్బుమిన్ 3.4 (లివర్ తయారుచేసే ప్రొటీన్), బిలిరుబిన్ 1.3, ఐఎన్ఆర్ 1.2 (రక్తం గడ్డకట్టే తీరు). వీటితో, వయసు, ప్లేట్‌లెట్లతో లివర్ మచ్చని అంచనా వేసే స్కోర్లు లెక్కేస్తే ఏపీఆర్ఐ 2.3, ఫిబ్-4 దాదాపు 6. రెండూ సిర్రోసిస్ (లివర్ మచ్చపడి గట్టిపడటం) వైపే చూపిస్తున్నాయి. లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్ 19 కిలోపాస్కల్స్. స్కానింగులో గరుకు లివర్, పెరిగిన ప్లీహం. పొట్టలో నీరు లేదు, గడ్డ లేదు, పోర్టల్ సిర తెరిచే ఉంది. సిర్రోసిస్ తీవ్రత చెప్పే చైల్డ్ స్కోరు 6, అంటే అన్నిటికన్నా తేలికైన ‘ఎ’ తరగతి. లివర్ గట్టిపడింది గానీ ఇంకా తన పని తాను చేసుకుంటోంది.

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. నీరు, మగత, రక్తపు వాంతి లాంటివి ఒక్కసారైనా వచ్చి ఉంటే దారి మారేది. రైబావిరిన్ కలపాల్సి వచ్చేది, లేదా మందు 24 వారాలకి పొడిగించాల్సి వచ్చేది, లివర్ మార్పిడి కేంద్రంతో ముందే మాట్లాడి ఉంచాల్సి వచ్చేది. కాళ్ల వాపు చూసి కంగారుపడి ఆ గుంపులో వేసెయ్యడం తేలిక. కానీ పొట్టలో నీరు లేదు, మూత్రంలో ప్రొటీన్ లేదు. ఏళ్ల తరబడి చేసిన పథ్యంతో ఆల్బుమిన్ తగ్గింది, ఆ వాపులో సగం దానిదేనని నా అంచనా.

మందు పేరు ఎత్తగానే ఆయన చేతిసంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో 2012 నాటి జన్యు రిపోర్టు.

‘మా జీన్స్‌కి మందు పడదండి, ఆయ్. పెద్ద డాక్టరుగారే రాసిచ్చారండి.’

ఆ కవరు ఆయన ఒక్కరి మందునే ఆపలేదు. ఆయన అక్క కొన్నేళ్ల కిందట పొట్ట ఉబ్బి చనిపోయింది, ఆవిడకి ఈ పరీక్షలేవీ జరగలేదు. ఆవిడ కూతుర్ని ఈయన కొడుక్కి చేసుకోవాలని చిన్నప్పటి నుంచీ అనుకున్న మాట. ‘రెండువైపులా అదే జీను’ అని ఆ సంబంధం మానుకున్నారు. మేనరికం వద్దనడానికి నేను పది కారణాలు చెప్పగలను, ఇది మాత్రం వాటిల్లో లేదు. తమ్ముడికి గల్ఫ్ మెడికల్లో హెపటైటిస్ సి యాంటీబాడీ పాజిటివ్ వచ్చి ‘అన్‌ఫిట్’ అయ్యాడు. అతను కూడా అన్నతోపాటు పసరూ పథ్యమూ పట్టుకున్నాడు. ముగ్గురు తోబుట్టువులకి లివర్ జబ్బు కనబడితే ఆ ఇంట్లో అది వంశపారంపర్యం కాకుండా ఎలా ఉంటుంది?

ఇలా పొరబడింది వాళ్లొక్కళ్లే కాదు. 1960ల్లో అమెరికా శాస్త్రవేత్త బరూచ్ బ్లమ్‌బర్గ్ కనిపెట్టిన ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అనే రక్తంలోని ప్రొటీన్ కుటుంబాల్లో గుంపులుగా కనిపిస్తుంటే, అది తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా వచ్చే లక్షణమని ఆయన బృందం మొదట ప్రతిపాదించింది. చివరికి తేలింది అది హెపటైటిస్ బి వైరస్ పైపొర అని. ఆ పనికే 1976లో నోబెల్ వచ్చింది.

ఈ ఇంట్లో గుంపుకి కారణం వెతికితే చిన్నప్పటి జ్వరాల దగ్గర తేలింది. స్టీలు డబ్బాలో మరగబెట్టిన గాజు సిరంజీ, ఇంటిల్లిపాదికీ అదే సూది. 70, 80ల్లో డెల్టాలో పెరిగినవాళ్లలో ఆ డబ్బా గుర్తులేనివాళ్లు తక్కువ. రుజువు చెయ్యలేను గానీ ఇంతకన్నా బలమైన కారణం నాకు కనబడలేదు.

పనిచెయ్యని ప్రయత్నాలు

మొదట సైన్సు చెప్పాను. ఐఎల్28బి పక్కనే ఇంటర్ఫెరాన్ లాంబ్డా 4 అనే మరో జన్యువు 2013లో బయటపడింది. డీఎన్‌ఏలో ఒక చిన్న తేడా వల్ల కొందరిలో ఈ ప్రొటీన్ తయారవుతుంది, మిగతావాళ్లలో తయారవదు. ఇందులో విడ్డూరం ఏమిటంటే, తయారయ్యేవాళ్లే వైరస్‌ని వదిలించుకోవడంలో వెనకబడతారు. వాళ్ల లివర్ కణాల్లో వైరస్‌ని ఎదిరించే జన్యువులు ముందు నుంచే సగం రగిలి ఉంటాయి. బయటినుంచి ఇంటర్ఫెరాన్ ఎక్కించినా కొత్తగా కదలిక రాదు. కాగితం మీద బొమ్మేసి చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, ‘అంటే లోపం ఉందనేగదండీ’ అన్నారు. భార్య కళ్లు తుడుచుకుంది. నేను వివరించినకొద్దీ కవరులోని కాగితం బరువెక్కింది.

తర్వాత కొడుకు హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. అతను నెట్‌లో చాలా చదివాడు. ‘డాక్టర్ గారూ, నాన్నగారికి ఆ టెస్టు మళ్లీ చేయిద్దామండి, అప్పటి ల్యాబు తప్పేమో. నాకూ, బాబాయికీ కూడా.’ సీసీ అని వస్తే నాన్న ఒప్పుకుంటారని అతని ఆశ. నేను వద్దన్నాను. పుట్టుకతో వచ్చిన జన్యువు మారదు, పాత ఫలితం తప్పని అనుకోడానికి ఆధారం లేదు. అంతకన్నా ముఖ్యం, ఫలితం ఏదొచ్చినా నేను రాసే మందుచీటీలో ఒక్క అక్షరం మారదు. అలాంటి పరీక్షకి డబ్బు పెట్టించడం అటుంచి, మళ్లీ టీటీ వస్తే ఆ ఇంట్లో రెండో కవరు తయారవుతుంది.

దాని బదులు అందరికీ హెపటైటిస్ సి యాంటీబాడీ, ఎవరికి పాజిటివ్ వస్తే వాళ్లకి ఆర్ఎన్ఏ పరీక్ష (ఇప్పుడు రక్తంలో వైరస్ ఉందో లేదో చెప్పేది) అడిగాను. హెపటైటిస్ బి పరీక్ష కూడా. భార్యకీ, పిల్లలకీ, మేనకోడలికీ నెగెటివ్. తమ్ముడికి యాంటీబాడీ పాజిటివ్, ఆర్ఎన్ఏ లేదు. కొన్ని నెలలాగి మళ్లీ చేయించినా లేదు. ఏఎల్‌టీ మామూలు, ఫైబ్రోస్కాన్ మామూలు. ఎప్పుడో వైరస్ సోకింది, ఎవరికీ తెలియకుండానే ఒంట్లోంచి పోయింది. సోకినవాళ్లలో సుమారు 30 శాతం మందికి మొదటి ఆరు నెలల్లోనే మందు లేకుండా ఇలా పోతుంది. తమ్ముడు అన్ని సంవత్సరాలు పథ్యం చేసింది లేని వైరస్‌కి.

దారి మళ్లించినవి

తమ్ముడి ఫలితమే తలుపు తెరిచింది. ఒకే అమ్మానాన్నలకి పుట్టి, ఒకే సూది కింద పెరిగిన ఇద్దరిలో ఒకరికి నిలిచిపోయిన వైరస్ ఇంకొకరికి పోయింది. మరి ‘మా జీన్స్’ ఎక్కడ? ఏ జన్యువు తీసుకున్నా ఇద్దరు తోబుట్టువులకి రెండు ప్రతులూ ఒకే రకంగా సంక్రమించే అవకాశం నాలుగింట ఒకటే. కుటుంబానికంతటికీ ఒకే జన్యు జాతకం ఉండదు.

ఐర్లండ్ సంగతి కూడా చెప్పాను. 1977-78లో అక్కడ గర్భిణులకి, బాలింతలకి (తల్లిది నెగెటివ్ రక్తగ్రూపు అయితే) ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్‌లో కొన్ని బ్యాచ్‌లు హెపటైటిస్ సితో కలుషితమయ్యాయి. ఏళ్ల తర్వాత పరీక్షిస్తే 704 మంది స్త్రీలలో సోకిన ఆనవాళ్లు దొరికాయి, వాళ్లలో 390 మందికే ఇంకా రక్తంలో వైరస్ ఉంది. వైరస్ ఒక్కటే, మార్గం ఒక్కటే. ఎవరు వదిలించుకున్నారన్నది కొంతవరకు వాళ్ల రోగనిరోధక జన్యువుల మీద ఆధారపడింది. హెచ్ఎల్ఏ-బి27 అనే రకం ఉన్నవాళ్లకి అక్కడ మేలు జరిగినట్టు తేలింది. నడుం పట్టేసిన కుర్రాళ్లకి ఆ పరీక్ష పాజిటివ్ వస్తే వెన్నెముక కీళ్ల జబ్బేమోనని మనం మొహం ముడుచుకుంటాం. అదే బి27 ఈ వైరస్ ముందు మంచి కాపలాదారు. ఏ జన్యువునీ ఒట్టి మంచిదనో చెడ్డదనో అనలేం. దేనికి ఎదురుగా నిలబెట్టి చూస్తున్నామన్నదే లెక్క.

ఇక మందు సంగతి. ఆయనకి తెలిసిన భాషలో చెప్పాల్సి వచ్చింది. కాలవ గట్టుకి గండి పడితే ఊళ్లో టముకు వేయించి మనుషుల్ని పిలుస్తారు. ఇంటర్ఫెరాన్ ఆ టముకు. మీ ఊళ్లో టముకు రోజూ మోగుతూనే ఉంది, ఇంకోటి మోగించినా ఎవరూ అరుగు దిగలేదు. ఇప్పటి బిళ్ళ ఊరిని పిలవదు, నేరుగా వెళ్లి పైన లాకులు దించేస్తుంది.

‘లాకులు దించాక ఊరితో పనేటండి’ అన్నారాయన.

అంతే సంగతి. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ వైరస్ తనను తాను అచ్చేసుకోడానికి వాడే ప్రొటీన్ల మీద నేరుగా పనిచేస్తాయి. రోగి ఇంటర్ఫెరాన్ వ్యవస్థ ఎలాంటిదన్నదానితో వాటికి దాదాపు నిమిత్తం లేదు. 2012లో ఎంతో చెప్పిన ఆ పరీక్షకి ఈ మందు ముందు చెప్పడానికేమీ మిగల్లేదు.

చికిత్సలో తీసుకున్న నిర్ణయాలు

సోఫోస్బువిర్ 400, వెల్పటాస్విర్ 100 మిల్లీగ్రాములు కలిసిన బిళ్ళ రోజుకొకటి, 12 వారాలు, జిల్లా ప్రభుత్వాసుపత్రి చికిత్సా కేంద్రం నుంచి ఉచితంగా. వెల్పటాస్విర్ బదులు డక్లటాస్విర్‌తో అయితే సిర్రోసిస్‌కి 24 వారాలు పట్టేది, చెరువు పనులున్న మనిషి అంతకాలం బిళ్ళ మానకుండా ఉంటారన్న నమ్మకం నాకు లేదు. నీరు పట్టని సిర్రోసిస్ కాబట్టి రైబావిరిన్ అక్కర్లేదు. ఆ మాటకే ఆయన సగం కోలుకున్నారు.

అసలు జాగ్రత్త పడాల్సింది గ్యాస్ బిళ్ళ దగ్గర. మన జిల్లాల్లో పొద్దున లేవగానే పాంటాప్రజోల్ వేసుకోనివాళ్లు తక్కువ, దాన్ని ఎవరూ మందుల లెక్కలో చెప్పరు. ‘ఏమేం మందులు వాడుతున్నారు’ అంటే బయటికి రాదు. ‘పరగడుపున ఏం వేసుకుంటారు’ అంటే వస్తుంది. కడుపులో ఆమ్లం తగ్గితే వెల్పటాస్విర్ సరిగా ఒంటబట్టదు. ఆయనకి ఆ బిళ్ళ అవసరమే లేదు, ఆపించాను. ఇంకోసారి విఫలమైతే నింద మళ్లీ జన్యువు మీదే పడేది.

గ్లిమిపిరైడ్ మోతాదు తగ్గించాను. వైరస్ పోతున్నకొద్దీ షుగరు మెరుగవుతుంది, పాత మోతాదే ఉంచితే తెల్లవారుజామున లో-షుగరుతో పడిపోవచ్చు. హెపటైటిస్ బి ఉపరితల యాంటిజెన్ నెగెటివ్, కోర్ యాంటీబాడీ పాజిటివ్. అంటే ఒకప్పుడు బి కూడా వచ్చి అణిగింది. సి వైరస్ తగ్గేటప్పుడు అణిగిన బి లేచే ప్రమాదం గురించి 2016లోనే అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. యాంటిజెన్ నెగెటివ్ ఉన్నవాళ్లలో అది అరుదు కాబట్టి ముందస్తుగా బి వైరస్ మందు టెనోఫోవిర్ ఇవ్వలేదు, నెలనెలా ఏఎల్‌టీ మాత్రం చూశాను. ప్లేట్‌లెట్లు లక్షన్నరకి తక్కువ ఉన్నందువల్ల ఎండోస్కోపీ తప్పలేదు. చిన్న వేరిసెస్ (అన్నవాహికలో ఉబ్బిన సిరలు) కనిపించాయి, అవి పగలకుండా కార్వెడిలాల్ మొదలుపెట్టాను.

పథ్యం మాన్పించడం వీటన్నిటికన్నా కష్టమైంది. పప్పు, గుడ్డు, చేప, పడుకోబోయే ముందు ఏదో ఒకటి తినడం. సిర్రోసిస్‌లో రాత్రంతా పస్తుంటే ఒళ్లు తన కండనే తింటుంది. ‘కామెర్ల మనిషికి చేపేంటండీ’ అని ఆయన తల్లి. ఆవిడతో నేను గెలవలేదు, కోడలు గెలిచింది.

నాలుగో వారంలో వైరల్ లోడ్ చేయించాను. నియమావళి అడగదు, ఫలితాన్ని బట్టి నేను మందు మార్చేదీ లేదు. జన్యు పరీక్ష వద్దన్న నేనే ఇదెందుకు చేయించానంటే, ఆయనకి మందు మధ్యలో చేసే వైరల్ లోడ్ అంటే 2012లో ‘ఆపెయ్యండి’ అన్న రోజు. ఆ 12వ వారం దగ్గరికొచ్చేకొద్దీ ఆయన మానేస్తారేమోనని నా భయం. జన్యు పరీక్ష భయాన్ని పెంచగలదు, ఇది తగ్గించగలదు. వైరస్ కనబడలేదని వచ్చింది. ఆ తర్వాత ఒక్క బిళ్ళ కూడా తప్పలేదు.

మందు ఆపిన 12 వారాలకి చేసిన పరీక్షలోనూ ఆర్ఎన్ఏ లేదు. అదే నయమైనట్టు లెక్క. ఏడాదికి ఏఎల్‌టీ 28, ఆల్బుమిన్ 3.9, ప్లేట్‌లెట్లు 1,18,000, ఫైబ్రోస్కాన్ 13. ఈ 13 చూసి సిర్రోసిస్ పోయిందని చెప్పలేదు. వాపు తగ్గినా ఆ అంకె దిగుతుంది, మచ్చ అలాగే ఉండొచ్చు. లివర్ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే గానీ పోదు కాబట్టి ఆరు నెలలకోసారి స్కానింగు, ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ కోసం చేసే రక్తపరీక్ష) కొనసాగుతున్నాయి. కల్లు పూర్తిగా మానేశారని భార్య అంటోంది, ఆయన నవ్వుతున్నారు.

ఈ కేసు నుంచి నేను పట్టుకెళ్లినవి

జన్యు ఫలితం రాసిచ్చేటప్పుడు అది ఏ మందుకి, ఏ ప్రశ్నకి జవాబో అదే కాగితం మీద రాయాలి. జన్యువు మారదు గనక రిపోర్టుకీ కాలం చెల్లదని రోగి అనుకుంటాడు. అలా అనుకోవడం సహజం కూడా. 2015కి ముందు ఇంటర్ఫెరాన్ విఫలమైనవాళ్ల ఫైళ్లు ఎవరి దగ్గరున్నా ఒకసారి దుమ్ము దులిపి ఫోన్లు చెయ్యమని తోటి డాక్టర్లని అడుగుతున్నాను. వాళ్లలో చాలామంది మనకి కనబడకపోవడానికి కారణం నయమవడం కాకపోవచ్చు.

హెపటైటిస్ బి కుటుంబాల్లోనూ ఇదే గందరగోళం ఇంకో రూపంలో వస్తుంది. హెచ్ఎల్ఏ-డీపీ జన్యు తేడాలకీ, బి వైరస్ నిలిచిపోవడానికీ సంబంధం ఉందని 2009లో ఆసియా జనాభాల్లో చూపించారు. అది నిజమే. కానీ పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకితే దాదాపు 90 శాతం మందిలో నిలిచిపోతుంది, పెద్దయ్యాక సోకితే 5 శాతంలోపే. సోకిన వయసుకున్న ఇంత బలం ముందు జన్యువు వాటా చిన్నది. ‘మా ఇంట్లో అందరికీ ఉందండి’ అని వచ్చే గర్భిణికి హెచ్ఎల్ఏ గురించి చెప్పడం కన్నా, బిడ్డకి 24 గంటల్లో పడాల్సిన టీకా గురించి చెప్పడమే నా పని.

తమ్ముడి సంగతి ఇంకా తెగలేదు. రక్తంలో వైరస్ లేదని, అతని నుంచి ఎవరికీ సోకదని నా లెటర్‌హెడ్ మీద రాసి, రెండు ఆర్ఎన్ఏ రిపోర్టులూ జతచేసి ఇచ్చాను. యాంటీబాడీ సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది, గల్ఫ్ మెడికల్ వాళ్లు చూసేదేమో యాంటీబాడీనే. మళ్లీ అన్‌ఫిట్ అనే వచ్చింది. ప్రస్తుతం అన్న చెరువు అతనే చూస్తున్నాడు.